కుమారక్క తుపాకీ

కమ్మింగ్, జార్జియా
అక్టోబరు 7, 2025, మంగళవారం

చిరంజీవి శాంతికి,

కుమారక్క ఆశీస్సులు. నువ్వు, ఫణి, ఈషాన్ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమమని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. మీ బావగారికి మోకాలి నొప్పి, నాకు కుడి భుజం నొప్పి, ఆ రెండూ పక్కన పెడితే క్షేమమే. నా భుజం ఎందుకు నొప్పి పెడుతోందో చెబుతాను, నిలబడి ఉంటే కూర్చుని చదువు.

నీ ఇంటికీ మా ఇంటికీ కారులో నాలుగు నిమిషాలు. ఆ మాత్రం దూరానికి స్టాంపు అంటించి ఉత్తరం పంపే మనిషి ఈ కౌంటీలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఏం చేయను, ఫోన్ చేస్తే ఎత్తవు, వాట్సాప్‌లో బ్లాక్ చేశావు. మొన్న ఇండియన్ స్టోర్‌లో నన్ను చూసి, ఏరుకున్న బెండకాయలు అక్కడే వదిలేసి వెళ్లిపోయావు. లేత కాయలు, పాడు చేయడం ఎందుకని నేనే తెచ్చి వేపుడు చేశాను. నీ ఏరుడుకి వంక పెట్టడానికి లేదు.

ఇక అసలు కబురు. నేను తుపాకీ కొన్నాను.

నవ్వితే నవ్వావు గాని పూర్తిగా చదువు. బొమ్మ తుపాకీ కాదు, షాట్‌గన్, అందులోనూ పంప్ యాక్షన్. ఒక తూటా పేల్చాక గొట్టం కింద ఉన్న పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే రెండో తూటా లోపలికి వస్తుంది. రేపల్లెలో మా నాన్న సైకిల్ షాపులో ఎనిమిదో ఏట నుంచి టైర్లకి గాలి కొట్టిన చేతులివి. నాకు కొత్తేం కాదు.

ఎందుకు కొన్నానో నీకు తెలియనిది కాదు. అయినా మొదటి నుంచి రాస్తాను, రాస్తే నాకు కూడా కాస్త సర్దుకుంటుంది. జులైలో మా నమ్రతకి పది రోజులు ముందే నొప్పులు మొదలయ్యాయని అల్లుడు ఫోన్ చేస్తే, దొరికిన ఫ్లైట్ పట్టుకుని వాళ్ల ఊరు నోవైకి పరుగెత్తాం. దారిలో మీ ఇంటి ముందు ఆగి, పద్నాలుగేళ్లుగా చేస్తున్నట్టే, తాళంచెవి నీ చేతిలో పెట్టి, కరివేపాకు మొక్కని నీకు అప్పగించి వెళ్లాం. నెలకి తిరిగి వచ్చాం. వరలక్ష్మీ వ్రతం రెండు రోజుల్లో ఉందనగా, అమ్మవారికి పెట్టడానికి నగలు తీద్దామని బీరువా తెరిచాను. చీరల కింద ఉండాల్సిన ఎర్ర సంచి లేదు. మా అమ్మ కాసులపేరు, పచ్చల హారం, నాలుగు జతల గాజులు, ఏవీ లేవు. తలుపులు, కిటికీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. షెరిఫ్ ఆఫీసు నుంచి డిప్యూటీ వచ్చాడు. తాళంచెవి ఇంకెవరి దగ్గరైనా ఉండేదా అని అడిగాడు, ఉన్న మాట చెప్పాను.

ఆ సాయంత్రం ఆ డిప్యూటీ మీ ఇంటికి వచ్చాడు. నువ్వు పిండి చేతులతోనే తలుపు తీశావనీ, ఫణి లోపలికి వెళ్లి పాస్‌పోర్టులూ వీసా కాగితాలూ ఉన్న ఫైలంతా పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడనీ మీ పక్కింటి అదితి చెప్పింది. నగల గురించి అడగడానికి వచ్చిన మనిషికి వీసా కాగితాలు చూపించాడట. గ్రీన్ కార్డు కోసం పన్నెండేళ్లుగా క్యూలో ఉన్నవాడికి పోలీసు కారు కనబడితే ముందు అదే గుర్తొస్తుంది మరి. మర్నాడు మా మెయిల్‌బాక్స్‌లో తాళంచెవి ఉంది. చీటీ లేదు. వ్రతానికి నువ్వు రాలేదు. పద్నాలుగేళ్లలో మొదటిసారి తోరం నేనే ఒంటిచేత్తో కట్టుకున్నాను, ముడి సరిగా పడలేదు.

ఆ తరువాత ఈ ఇల్లు నాది కానట్టు అయిపోయింది. తాళాలన్నీ మార్పించాం, కెమెరాలు పెట్టించాం. అయినా స్నానానికి వెళ్తే తలుపుకి స్టూలు అడ్డం పెట్టుకునేదాన్ని. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, పగటిపూట, నా ఇంట్లో నేను. సిగ్గేసింది. తుపాకీ కొంటానన్నాను. మీ బావగారు లాప్‌టాప్ తెరిచారు. ఎనిమిది రకాల షాట్‌గన్‌లని ఎక్సెల్ షీట్‌లో ఎక్కించారు. బరువెంత, గొట్టం పొడవెంత, వారంటీ ఎన్నేళ్లు, జనం ఏమంటున్నారు. పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇంత పరిశీలనగా చూడలేదు. ఇంత చేసి, కొట్టు గుమ్మం దగ్గరికి వచ్చాక, నువ్వు వెళ్లు కుమారీ, నేను కారులో ఉంటా, ఏసీ ఆన్‌లో ఉంది అన్నారు.

కొట్లో పెద్దాయన నా బొట్టూ నా ఎత్తూ చూసి, మేడమ్, మీలాంటివాళ్లకి ఇది బాగుంటుంది అంటూ గులాబీరంగు పిస్తోలు ఒకటి తీశాడు. నేను పుట్టినరోజు కానుక కోసం రాలేదు, షాట్‌గన్ చూపించండి అన్నాను. వెయ్యి డాలర్లది తీశాడు. మూడు వందల లోపు అన్నాను. అప్పుడు నన్ను సరిగా చూశాడు. పండగ చీరలు కొనేటప్పుడు షాపులో కుర్రాళ్ల ముఖాలు మారేవే, సరిగ్గా ఆ చూపు.

మొదట చేతికిచ్చింది ట్వెల్వ్ గేజ్. దాని వెనక కర్ర ఎంత పొడుగంటే, భుజానికి ఆనిస్తే ముందు పిడి నా చేతికి అందదు. ఆరడుగుల మగవాళ్ల కోసం చేసింది అది. గేజ్ అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది, భుజానికి తగిలే దెబ్బ తగ్గుతుంది, కాబట్టి ట్వెంటీ గేజ్ తీయండి, కర్ర పొట్టిది కావాలి అన్నాను. ఇవన్నీ మీకెలా తెలుసని అడిగాడు. మా ఇంట్లో ఎక్సెల్ షీట్ ఉంది అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాడు ఆయన. ఈ పిడి లాగిన చప్పుడు వింటే చాలు, దొంగ పారిపోతాడని. చప్పుడుకి పారిపోయే దొంగైతే మా ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఉంది, దానికి మూడు వందలెందుకు అన్నాను. ఆయన నవ్వి, చివరికి చిన్న ట్వెంటీ గేజ్ తీసి ఇచ్చాడు. భుజానికి ఆనించగానే తెలిసింది, ఇది నాదని. కుదిరిన జాకెట్టు వేసుకున్నట్టు ఉంది.

ఫారం నింపుతుంటే సిటిజెన్ అవునా కాదా అని ప్రశ్న వచ్చింది. నేను సిటిజెన్‌ని గనక సరిపోయింది, వీసా మీద ఉన్నవాళ్లయితే మామూలుగా వేట లైసెన్సు చూపించాలట. మీ ఫణి గుర్తొచ్చాడు. చీమని కాగితం మీద ఎక్కించుకుని పెరట్లో వదిలిపెట్టే మనిషికి వేట లైసెన్సు. కొట్లో నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇంటికొచ్చి చెబితే మీ బావగారు నవ్వలేదు. నువ్వైతే నవ్వేదానివి, వారం రోజులు అదే చెప్పుకునేవాళ్లం.

తుపాకీ కొంటే సరిపోదని, ఆడవాళ్లకి మాత్రమే పెట్టే క్లాసులో చేరాను. శనివారం పొద్దుట నుంచి సాయంత్రం దాకా. పన్నెండుమందిమి, నేనే అందరికన్నా పెద్ద, అందరికన్నా పొట్టి. నేర్పేది డార్లీన్ అని ఒక ఆవిడ, పూర్వం మిలిటరీలో చేసిందట, మాట కటువు, మనసు మంచిది. మధ్యాహ్నం దాకా ఒక్క తూటా ఇవ్వలేదు. దొంగని వెతుక్కుంటూ గదులన్నీ తిరగొద్దు, ఇంట్లోవాళ్లతో ఒక గదిలో ఉండి తలుపు వేసుకుని 911కి ఫోన్ చేయండి అంది. మన ఇళ్ల గోడలు అట్టముక్కలు, తూటా అవతలికి పోతుంది, అవతల ఎవరు పడుకున్నారో గుర్తు పెట్టుకోండి అంది. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది ఒక్కటే మాట. ఎదుట ఉన్నది ఎవరో నీకు కచ్చితంగా తెలియనంతవరకు గురి పెట్టకు. అర్ధగంటకొకసారి అందరి చేతా చెప్పించింది, చిన్నప్పుడు ఎక్కాలు చెప్పించినట్టు.

భోజనాలయ్యాక తూటాలిచ్చారు. మొదటి దెబ్బకి వెనక్కి ఒక అడుగు పడిన మాట నిజం. రెండోదానికి పడలేదు. ఏడు గజాల దూరంలో కాగితం, అయిదు తూటాలు. గుళ్లన్నీ ఒక పెద్ద దిబ్బరొట్టె అంత మేరలో, మధ్యలో పడ్డాయి. డార్లీన్ ఆ కాగితం అందరికీ చూపించి, క్రిష్నా ఈజ్ ది బెస్ట్ ఇన్ ది క్లాస్ అంది, నా పేరులో మొదటి సగమే ఆవిడ నోరు తిరిగింది. మిగతా పదకొండుమందీ చప్పట్లు కొట్టారు, దేనికీ చలించని మీ బావగారు పార్కింగ్‌లో కారు దిగి మరీ ఆ కాగితం ఫోటో తీసుకున్నారు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి శాంతీ. ఇంజనీర్ గారి భార్య, నమ్రత తల్లి, వ్రతాల ఆంటీ, ఇవే నా పేర్లు ఈ దేశంలో ఇరవై ఆరేళ్లుగా. నేను ఒక పని బాగా చేశానని తెలియనివాళ్లు చప్పట్లు కొట్టడం అదే మొదలు. కాగితం ఇప్పుడు మా ఫ్రిజ్ మీద, మనవరాలి ఫోటో పక్కన ఉంది. నిన్ను పిలిచి చూపించాలనిపించింది. ఆ పూట ఎన్నిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నానో.

దసరాకి ఆయుధపూజ చేశాను. తూటాలు తీసేసి, ట్రిగ్గర్‌కి తాళం వేసి, దుర్గమ్మ ముందు పెట్టి కర్రకి పసుపు రాసి బొట్టు పెట్టాను. పసుపు ఎక్కడెక్కడికో పోయి, మీ బావగారు రెండు గంటలు ఇయర్ బడ్‌లతో తుడిచారు. ఇలా చేసినవాళ్లు ముందెప్పుడైనా ఉన్నారేమోనని ఎక్సెల్‌లో వెతికినట్టున్నారు.

థాంక్స్‌గివింగ్‌కి నమ్రత పాపతో వస్తోంది. తుపాకీ ఉక్కు అలమారలో పెట్టి తాళం వేస్తేనే వస్తానంది, న్యాయమే. అలమార శుక్రవారం వచ్చింది. దాన్ని పెట్టడానికి శనివారం మెట్ల కింద క్లోజెట్ ఖాళీ చేశాం. ఇరవై ఏళ్ల సామాను. ఆ సంగతి తరువాత చెబుతాను.

నువ్వు నెలరోజులు నీళ్లు పోసిన కరివేపాకు మొక్క నా నడుం దాకా ఎదిగింది. నా చేతిలో ఎప్పుడూ అంత పెరగలేదు. ఫణికి, ఈషాన్‌కి మా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
నీ కుమారక్క
(కృష్ణకుమారి)

తా.క. సంతకం పెట్టి, కవర్ అంటించి, మళ్లీ చించాను. ఇంతసేపూ తుపాకీ గొప్పలు చెప్పుకున్నది ఈ మాట రాయడానికి చేయి రాక.

నగలు దొరికాయి. శనివారం క్లోజెట్‌లోంచి పాత వెట్ గ్రైండర్ బయటికి తీసి, మూత ఊడిపోతుంటే మీ బావగారు సరిచేయబోయారు. గిన్నెలో, రాళ్ల పక్కన ఎర్ర సంచి. కాసులపేరు, హారం, గాజులు అన్నీ ఉన్నాయి. చూడగానే గుర్తొచ్చింది. నమ్రత కబురు తెలిసి మీ బావగారు గరాజ్‌లో హారన్ కొడుతుంటే, బీరువా అయితే దొంగలు ముందు అక్కడే చూస్తారని, గ్రైండర్ అయితే ఎవరికీ తట్టదని, నేనే పెట్టాను. ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఇంకొకటి ఉంది. డిప్యూటీ అడిగితే ఉన్న మాట చెప్పానని పైన రాశాను. అది అబద్ధం. ఆయన నోట్‌బుక్ తెరవక ముందే, ఏమీ అడక్క ముందే, నేనే నీ పేరు చెప్పాను. స్పెల్లింగ్ కూడా చెప్పాను. డార్లీన్ రోజంతా ఎవరో తెలియకుండా గురి పెట్టకు అని చెప్పిస్తుంటే అందరికన్నా గట్టిగా నేనే చెప్పాను. క్లాసుకి నెల ముందే ఆ తప్పు చేసి వచ్చిన మనిషిని. క్షమించు శాంతీ. నాకు చాలా సిగ్గుగా ఉంది.

నిన్న షెరిఫ్ ఆఫీసుకి వెళ్లి, నగలు పోలేదనీ, పొరపాటు పూర్తిగా నాదనీ, నువ్వు ఏ తప్పూ చేయలేదనీ రాసిచ్చాను. దాని కాపీ ఇందులో పెట్టాను, ఫణిని ఆ ఫైల్‌లో పెట్టుకోమను. మన వ్రతం గ్రూప్‌లో అరవై రెండు మందికీ తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి ఇదే రాశాను, గ్రైండర్ ఫోటోతో సహా. నవ్వేవాళ్లు నవ్వుతున్నారు, నవ్వనీ. తుపాకీ తిరిగి ఇచ్చేద్దామా అని మీ బావగారు అడిగారు. వద్దన్నాను, అది నేను నేర్చుకున్నది.

డిసెంబరులో పది రోజులు నోవై వెళ్లాలి. కొత్త తాళంచెవి కాపీ ఒకటి మటుకే చేయించాను, కాగితంలో చుట్టి ఈ కవర్‌లోనే పెట్టాను. ఉంచుకుంటావో, పోయినసారిలాగే మెయిల్‌బాక్స్‌లో పడేసి వెళ్తావో నీ ఇష్టం. చలికని మొక్కని లోపలికి తెచ్చి వంటింటి కిటికీ దగ్గర పెట్టాను. వారానికి ఒక చెంబు చాలు, నీకు తెలుసు.