తుపాకి వంతు

1943 అక్టోబరు 3, ఆదివారం
అడవిపందులు జొన్నను బతకనివ్వడం లేదని ఊరంతా కలిసి తుపాకి కొన్నారు. వారానికో ఇంట్లో ఉంటుందట. చేల కావలి వంతు ఎవరిదైతే వాళ్ల గుమ్మం మీద. మగవాళ్ల ముఖాల్లో పెళ్లికళ.

అక్టోబరు 11
మా ఊరి మైసయ్యను అతని తమ్ముడే కాల్చి చంపాడు. పొలం గట్టు తగాదా. ఏటా కట్టెలతో కొట్టుకునేవాళ్లు. చేవెళ్ల దవాఖానలో నేనే కట్లు కట్టేదాన్ని. పక్కపక్కనే కూర్చుని ఒకే బీడీ తాగి ఇంటికి పోయేవాళ్లు. ఈసారి తుపాకి తమ్ముడి గుమ్మం మీద ఉంది...
"బెదిరిద్దామనే ఎత్తిన, అవ్వా," అన్నాడు తమ్ముడు.
నేను కట్టు కట్టడానికి ఏమీ మిగల్లేదు.

అక్టోబరు 15
మొయినాబాదు పోలీసులు ఆ తమ్ముణ్ణీ, తుపాకీనీ తీసుకుపోయారు. తుపాకీ ఇక రాదనుకున్నాను. పటేలు వెళ్లి ఏం చెప్పుకున్నాడో, వెనక్కి తెచ్చాడు. పందులు ఆగవు కదా అంటాడు.

అక్టోబరు 20
రేపటి నుంచి వంతు మాది. వద్దని పటేలు కాళ్లావేళ్లా పడ్డాను.
"ఒక్క ఇల్లు తప్పిస్తే వంతు ఎట్ల నడుస్తది?"
మా ఆయన సంగతి అతనికి ఎలా చెప్పను? బిడ్డ జ్వరంతో పోయాక, ఎండాకాలంలో, చచ్చిపోదామని బావికి బయలుదేరాడు. చేలన్నీ దాటి అంత దూరం నడిచేసరికి మనసు రాలేదని తిరిగొచ్చి చెప్పాడు. మళ్లీ నోరు విప్పలేదు. ఆ దూరమే ఆయన్ను నాకు మిగిల్చింది.
గుమ్మం ఎంత దూరం? చెయ్యెత్తితే చాలు.

అక్టోబరు 21
వచ్చింది. తగిలించి పోయారు. గుండ్లూ మందూ ఉన్న సంచి జొన్నల గాదెలో అడుగుకు తోశాను.

అక్టోబరు 22
దవాఖానకు పోలేదు. అన్నం ముందు కూర్చుని ఆయన గుమ్మం పైకే చూస్తున్నాడు. ప్రార్థన చేద్దామంటే మాట రావడం లేదు. భయంగా ఉంది.

అక్టోబరు 24
పొద్దున ఆయన మాట్లాడాడు.
"పందులొచ్చినయ్. సంచి ఏడ పెట్టినవ్?"
ఎన్ని నెలలకు విన్నాను ఆ గొంతు! ఎంత మెత్తగా అడిగాడు... ఏడుపు వచ్చింది.
చేలోకి పరుగెత్తాను. ఒక్క కంకి విరగలేదు. తడి నేల మీద ఎక్కడా గిట్టల గుర్తు లేదు.
తిరిగొచ్చాను. గుమ్మంలోనే కూర్చున్నాడు, నా జవాబు కోసం. నేను రాసుకునేటప్పుడు పలకరించడు, మొదటి నుంచీ ఆయన అలవాటు అది. అందుకే రాస్తున్నాను. ఇంకేం రాయాలి... ఇంకేం...