కూర్చున్న కొమ్మ

బాబాయ్,

నీ ఉత్తరం అందింది. "కూర్చున్న కొమ్మను నరుక్కోకు తల్లీ, మేనేజర్ అడిగిన చోట సంతకం పెట్టేయ్" అన్నావు. పెట్టను.

జరిగింది విను. మేం రాసేది కెర్నెల్. కంప్యూటర్ ఆన్ చేశాక మొదట్లోనే లేచి, మిగతా అన్నిటినీ నడిపించే ప్రోగ్రామ్ అది. లేవగానే మెమరీలో ఏది ఎక్కడుందో కొత్త అడ్రసులతో మ్యాప్ గీసుకుంటుంది. మ్యాప్ అమల్లోకి వచ్చాక అందులో లేని అడ్రసు ఏదీ చెల్లదు. అందుకే తను నిలబడ్డ చోటుని కొత్త అడ్రసుతోనే కాదు, కాసేపు పాత అడ్రసుతో కూడా అందులో ఎక్కించుకోవాలి. లేకపోతే కాళ్ళ కింద నేలే ఉండదు.

మా మేనేజర్ "ఒకే చోటుకి రెండు అడ్రసులెందుకు, దండగ" అని పాతది ఎక్కించే లైను పీకేశాడు. వద్దు సార్ అని మొత్తుకున్నాను. వింటేగా! మర్నాడు కస్టమర్ల ముందు మిషన్ లేవలేదు. నోరు తెరిచేలోపే కూలిపోయిన ప్రోగ్రామ్ తప్పెవరిదో ఏం చెబుతుంది? నల్లటి స్క్రీన్, అంతే. ఇప్పుడు ఆ తప్పు నాదని నేను రాసి సంతకం పెట్టాలట.

కూర్చున్న కొమ్మను నరికింది ఆయన బాబాయ్, నేను కాదు.

ఇవాళ పొద్దున ఆ లైను మళ్ళీ నేనే పెట్టాను. మిషన్ లేచింది. లైను పక్కనే ఆఫీసంతా చదివేలా ఒక మాట రాశాను: "దీన్ని తీసెయ్యాలంటే ముందు నన్ను తీసెయ్యండి."

సాయంత్రమైంది. ఆ లైనూ ఉంది, నేనూ ఉన్నాను.

నీ మొండిపిల్ల