రెండో గుర్రానికి చోటు

జనవరి 19, ఆదివారం

గుర్రాల కోసం సొంత బండి కొనాల్సిందే. అద్దె వ్యాన్ల వాళ్లెవరూ ఇక రామంటున్నారు. వాళ్లని అనడానికి లేదు. గుర్రం దిగినా వాసన దిగదు.

పైగా పోయినేడు గొలుగొండ వైపు పందేలకి వెళ్లి వస్తుంటే వ్యాన్ డ్రైవర్ సడన్ బ్రేక్ కొట్టాడు. మా గుర్రం బుజ్జి మోకాళ్ల మీద పడి తోలు ఊడింది. మా ఆవిడ తలుపులమ్మ ఇప్పటికీ అంటుంది, మడుసులకైతే బెల్టులుంటాయి, దానికేటుంది, నీ మొకముంది అని.

గుర్రాలు రెండు. బుజ్జి ఆడది, ఆరేళ్లు, తీర్థాల్లో, జాతరల్లో పందేలు పరిగెడుతుంది. దొర మగవాడు, పంతొమ్మిదేళ్లు, ఒకప్పుడు పరిగెత్తేవాడు, ఇప్పుడు దాణా గిన్నె చప్పుడుకి మాత్రం నాలుగడుగులు తొందరగా వేస్తాడు. రెండూ నాకూ మా బావమరిది నానాజీకీ చెరిసగం. ఏ సగం ఎవరిదన్న గొడవ ఇంతవరకు రాలేదు.

జనవరి 22, బుధవారం

వచ్చింది.

నానాజీ దసరాకి బొలేరో కొన్నాడు. అప్పటి నుంచి వాడి కంటికి లోకంలో ఉన్నవన్నీ దాని వెనకాల తగిలించుకోవడానికి పుట్టినట్టే కనపడుతున్నాయి. బావా, ఎనకాల ట్రెయిలర్ కట్టేసుకుంటే సాలు, ఇంకో ఇంజన్ని మేపడం దేనికి అన్నాడు. నేను లారీ అన్నాను. లారీకి డ్రైవరో అన్నాడు. ట్రెయిలర్‌కి రివర్సో అన్నాను. నాకొచ్చు అన్నాడు. చూపించమన్నాను. ఉత్త బొలేరోని రివర్స్ చేసి మా బాత్‌రూమ్ గోడకి గీత పెట్టాడు. ఎనక ట్రెయిలర్ ఉంటే ఇలాగవదు బావా అన్నాడు.

జనవరి 23

లారీలో రెండు గుర్రాలు పడతాయి. ట్రెయిలర్‌లో ఒకటే. అసలు సంగతి ఇదే. వాడితో మాత్రం పొద్దున్నంతా మైలేజీ గురించి మాట్లాడాను.

జనవరి 26, ఆదివారం

లారీ చూడ్డానికి ఎలమంచిలి వెళ్లాం. బంగారయ్య అనే అతనిది. చిన్న లారీ, పాతది, మొన్నటిదాకా రొయ్యలు మోసింది. నానాజీ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. గుర్రాలు కూడా పెట్టుకుంటాయి బావా అన్నాడు.

కొలవడానికి టేపు తేలేదు. మేమిద్దరమే ఎక్కాం. ముందు దొర జాగాలో నేను, వెనక బుజ్జి జాగాలో వాడు. మధ్యలో వెదురు గడ కడితే సరిపోతుంది. బంగారయ్య కింద నిలబడి చూసి, ఎంత దూరం ఎల్తారండి ఇలాగ అని అడిగాడు.

నాకు లారీ నచ్చింది. ఇంకెక్కడా ఆగకుండా ఇంటికి పోదామన్నాను. వాడు ఆగాడు. ఓ ఇంటి ముందు. కన్నబాబు అని, పెళ్లి ఊరేగింపులకి గుర్రాలు తిప్పుతాడు. మంచివాడే. టీ ఇచ్చాడు. ముసలోడైనా పర్లేదు మావా, తెల్లగుంటే సాలు, పెళ్లికొడుకునెక్కించుకుని బేండు ఎనకాల రెండు గంటలు నడిత్తే సాలు అన్నాడు. దొర తెలుపు. ఇన్నాళ్లూ అదే వాడి అందం అనుకున్నాను.

బేండు సరే. బాణాసంచా? దీపావళికి దొర పాక మూలలో మొహం పెట్టుకుని వణుకుతాడు. వాడి చెవుల్లో దూది పెట్టి, అయ్యేదాకా నేను గుమ్మంలో నిలబడతాను. ఇది కన్నబాబుకి చెప్పాను. అలవాటైపోద్ది మావా అన్నాడు. టీ చల్లారిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు నానాజీ రోడ్డు చూస్తూ చెప్పాడు. పరిగెత్తని గుర్రాన్ని ఎన్నాళ్లని తిప్పుతాం బావా అని. నా కాలు బొలేరో ఫ్లోర్ మీద ఊగుతూనే ఉంది.

జనవరి 29, బుధవారం

ఇవాళ గట్టి పాయింటు పట్టుకెళ్లాను. దొర ముందెక్కకపోతే బుజ్జి ఏ బండీ ఎక్కదు అన్నాను. నిజమే కదా. మూడేళ్లుగా వాడు ముందు, ఆవిడ వెనక. ట్రెయిలర్ కొంటే ఖాళీగా తిప్పుకోవాలి అన్నాను.

నానాజీ పళ్లు కుట్టుకుంటూ ఆలోచించాడు. ఎప్పుడైనా ఒంటరిగా ఎక్కించి సూసేవేటి అని అడిగాడు. లేదన్నాను. మరి నీకెలా తెల్సు అన్నాడు.

వాడికి గుర్రాల గురించి అంతగా తెలియదు. నా గురించి తెలుసు.

చివరికి ఒప్పందం. బైపాస్‌లో చెరుకు ట్రాలీలు కట్టే వెల్డింగ్ స్టీవెన్ ట్రెయిలర్ చేస్తాడు. బుజ్జి ఒంటరిగా ఎక్కితే ట్రెయిలర్ ఉంటుంది, దొర కన్నబాబు దగ్గరికి పోతాడు. ఎక్కకపోతే స్టీవెన్ దాన్ని ట్రాలీగా మార్చి ఎవరికైనా అమ్ముకుంటాడు, మేం లారీ తెచ్చుకుంటాం. చేతులు కలిపాం. తలుపులమ్మ విని, ఇద్దరు మగోళ్లూ కూకుని తీర్పు గుర్రానికొదిలేసేరు, అదే నయం అంది.

ఫిబ్రవరి 5, బుధవారం

స్టీవెన్ షెడ్డుకి వెళ్లాను. సగం అయింది. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

మా వైపు పశువునైనా గుర్రాన్నైనా చెరుకు లోడు చేసే గట్టు దగ్గరికి తీసుకెళ్లి, లారీని దానికి ఆనించి ఎక్కిస్తాం. గట్టూ లారీ ఫ్లోరూ ఒక ఎత్తు. కానీ ఈ ట్రెయిలర్ ఫ్లోరు మోకాలెత్తే. గట్టు మీద నుంచి చూస్తే గొయ్యి. గుర్రం చీకటి గోతిలోకి దిగుతుందా? చచ్చినా దిగదు. స్టీవెనూ నానాజీ ఇద్దరూ ఇది మర్చిపోయారు. నేను గుర్తు చేయలేదు. ఇనుప రేకులు నిమురుతూ, బాగా కట్టావు నాయనా అని మెచ్చుకున్నాను.

స్టీవెన్ నా మొహం చూసి, మరీ అంత నవ్వకు మామా, గట్టుతో పన్నేదు, ఎనక తలుపే కిందికి పడి మెట్టులాగయిపోద్ది అన్నాడు. తలుపు దించి చూపించాడు కూడా. పైన రబ్బరు షీటు. జారకుండా.

మోసం చేయడం మా ఊరి బడిలో చెప్పలేదు. చెప్పిన లెక్కలే రాలేదు.

ఫిబ్రవరి 6

దొరకి ఉలవలు మెత్తగా ఉడికించి నలిపి పెట్టాను. వాడికి పళ్లు లేవు. రోజూ పెట్టేవే. ఇవాళ ఎందుకో రాయాలనిపించింది.

ఫిబ్రవరి 12, బుధవారం

బుజ్జి ఎక్కేసింది.

గుంజలేదు, గెంటలేదు. తలుపు దించాం, ఒకసారి వాసన చూసింది, వంటింట్లోకి వెళ్లినట్టు లోపలికి వెళ్లిపోయింది. నిలబడి తోక ఆడించింది. మూడేళ్లూ దొరని ముందెక్కించింది మేమే. ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

నానాజీ ఎగురుతాడనుకున్నాను. ఎగరలేదు. టైర్లలో గాలి చూస్తున్నట్టు వంగి, మాటంటే మాటే కదేటి బావా అన్నాడు. అవున్రా అన్నాను. ఆదివారం చీడికాడ దగ్గర తీర్థం. సోమవారం కన్నబాబు వస్తాడు.

సాయంత్రం నుంచి ఇంట్లో, పెరట్లో, వీధిలో తిరుగుతూనే ఉన్నాను. ఏటి ఎతుకుతన్నావు అని తలుపులమ్మ అడిగింది. చెప్పులన్నాను. కాళ్లకే ఉన్నాయి అంది.

ఫిబ్రవరి 16, ఆదివారం, ఉదయం 7

బుజ్జిని ఎక్కించాం. తలుపులమ్మ బెల్లం ముక్క పెట్టింది. దొరని పాకలో కట్టాను. వాడు నా వంక చూడలేదు, ట్రెయిలర్ వంక చూశాడు. బయల్దేరుతున్నాం.

అదే రోజు, సాయంత్రం 5

వీధి మలుపు తిరగ్గానే వెనక నుంచి ఒక అరుపు. పదిహేనేళ్లలో దొర అలా అరవగా వినలేదు. నానాజీ విన్నాడు. కాలవ దాటి తారు రోడ్డెక్కాం. రోడ్డు ఖాళీ. అద్దంలో తెల్లగా ఏదో కనపడింది. తాడు, దాని చివర గుంజ ముక్క, రోడ్డు మీద ఎగిరి పడుతున్నాయి. ముందర దొర.

ఆపరా అన్నాను. నానాజీ కాలు బ్రేకు మీదకి వెళ్లింది. నేను చూశాను, వెళ్లింది. అప్పుడు వాడు అద్దంలోకి ఇంకోసారి చూశాడు. బావా, ఆడు మనల్ని అందుకుంటన్నాడు అన్నాడు. కాలు బ్రేకు మీంచి తీసేశాడు.

ఇరవై ఐదు, అన్నాడు మీటరు చూసి. ఇరవై ఎనిమిది. ఆపరా చచ్చిపోతాడు అన్నాను. ముప్పై బావా, ముప్పైలో వత్తన్నాడు, సూడు ఆ మెడ సూడు అన్నాడు. నానాజీ కళ్లలో నీళ్లు. తీర్థంలో మొదటి ప్రైజు కొట్టినప్పుడు కూడా అలా లేడు. ఎదురుగా వస్తున్న బస్సు పక్కకి ఆగిపోయింది. కిటికీల నిండా తలకాయలు.

ఇక్కడ అబద్ధం రాయడమెందుకు. ఆపమన్నది నేనే. ఇప్పుడెంత అని అడిగిందీ నేనే.

ముప్పై నాలుగు.

తర్వాత అద్దంలో తెలుపు చిన్నదైపోయింది. నానాజీ బండి ఆపాడు. దొర నడిచి వచ్చాడు, మూడు కాళ్ల మీద. ముందరి గిట్ట చీలింది. తారు మీద ఎర్రగా గుర్తులు. మమ్మల్ని దాటుకుని ట్రెయిలర్ వెనక్కి వెళ్లి, తలుపు సందులో ముక్కు పెట్టి నిలబడ్డాడు. లోపల నుంచి బుజ్జి కూడా ముక్కు పెట్టింది.

నానాజీ ఇంజను ఆపి, స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. దిగి వచ్చి, దాన్ని దించు బావా అన్నాడు.

బుజ్జిని దించాం. దొరని ఎక్కించాం. రెండుసార్లు మోకాళ్ల మీద పడ్డాడు. బస్సు దిగిన వాళ్లు నలుగురు భుజం పట్టారు. నానాజీ ఇంటిదాకా నడక స్పీడులో తోలాడు. వెనకాల బుజ్జిని పట్టుకుని నేను నడిచాను. రెండు కిలోమీటర్లకి పైనే. ఎదురైన వాళ్లంతా అడిగారు, పరిగెత్తేదాన్ని నడిపించి ముసలోణ్ణి బండెక్కించేరేటి అని. అవునన్నాను.

తీర్థంలో మైకులో మా పేరు మూడుసార్లు పిలిచారట.

ఫిబ్రవరి 17, సోమవారం

పశువుల డాక్టరు వచ్చాడు. నరం తెగింది. నడుస్తాడు, ఇక పరిగెత్తడు అన్నాడు.

కన్నబాబు కూడా చెప్పిన టైముకే వచ్చాడు. దొర కాలు చూసి, కుంటి గుర్రం మీద పెళ్లికొడుకునెలా ఎక్కించమంటావు మావా అన్నాడు. తెచ్చిన అరటిపళ్లు దొరకే ఇచ్చి వెళ్లిపోయాడు.

నాకు సంతోషం వేసింది. గుర్రం కాలు పోయినందుకు సంతోషపడే మనిషిని ఏమనాలో తెలియక, ఆ మాట రాసి కొట్టేశాను. కొట్టేసినా కనపడుతోంది.

నానాజీ పొద్దున్నుంచి గుమ్మం ఎక్కలేదు. పెరట్లోనే కూర్చున్నాడు. నేను వెళ్తే, తల దించుకుని, ముందే ఆపుంటే బావా అన్నాడు. నేను ముందే మాటాడుంటే అన్నాను. దేని గురించి అని వాడు అడగలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

దొర ట్రెయిలర్ దిగడం లేదు. తలుపు దించి నాలుగు రోజులైంది. లోపలే తింటాడు, లోపలే నిలబడతాడు. పక్కనే బుజ్జిని కట్టాం. నాలుగు రోజులూ నానాజీ బైకు మీదే తిరిగాడు. ఇవాళ వచ్చి ట్రెయిలర్ నుంచి బొలేరో కొక్కెం విప్పుకున్నాడు. ఎలమంచిలికి ఫోన్ చేసి లారీ ఇంకా ఉందా అని అడిగాడు. తర్వాత ట్రెయిలర్ ఇక కదలకుండా చక్రాలకి అటూ ఇటూ ఇటుకలు పెట్టాడు.