రాని తమ్ముడి పేరు

14 డిసెంబర్ 1997

సంబంధం ఖాయమైంది. అబ్బాయి పేరు శివశంకర్. తాటిపాకలో ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజరు. ముగ్గురన్నదమ్ముల్లో ఆఖరివాడు. ఇల్లరికానికి ఒప్పుకున్నాడు. ఉద్యోగం మానేసి వచ్చి మా కొబ్బరితోట చూసుకుంటాడట.

ఎనిమిదేళ్లుగా ఆ తోట చూసుకుంటున్నది నేను. ఆ మాట అక్కడ కూర్చున్నవాళ్లలో ఒక్కరికీ గుర్తు రాలేదు. కాఫీ కప్పులు పట్టుకుని లోపలికి వచ్చేశాను.

15 డిసెంబర్

అమ్మ ఆర్డర్ వేసింది. ఇకమీదట నన్నెవరూ బాబ్జీ అని పిలవకూడదట. అల్లుడుగారి ముందు ఆ మగపేరేవిటండీ, వింటే నవ్విపోతారు అని నాన్నగారితో అంది. కాయలు దింపే త్రిమూర్తులు చేత ఒట్టు కూడా వేయించుకుంది. ఆయ్, ఇకనించి అమ్మాయిగారనే అంటానండీ అన్నాడట.

సర్టిఫికెట్లలో నేను భూలక్ష్మిని. ఇద్దరక్కల తరవాత పుట్టాను. నా తరవాతైనా మగపిల్లాడు పుట్టాలని అమ్మ వాడపల్లి వెంకన్నకి మొక్కుకుంది. తమ్ముడు పుట్టేదాకా నన్ను మగపిల్లాడిలా ఉంచుతానని. ఏటా గుండు, నిక్కరు, చొక్కా, బాబ్జీ అని పిలుపు. తమ్ముడు రాలేదు. పేరు నాకే ఉండిపోయింది. పదమూడో ఏట లంగా ఓణీ వేశారు గానీ అప్పటికే నేను పక్కన లేకపోతే నాన్నగారికి తోటలో తోచేది కాదు. ఆయనకి మోకాళ్ల నొప్పులు వచ్చాక తోట మొత్తం నా మీదే వదిలేశారు. ఏ చెట్టు ఎప్పుడు గెల వేసిందో నాకు తెలుసు. పప్పులో ఉప్పెంత వెయ్యాలో ఇప్పటికీ తెలీదు.

ఆడపిల్లని మగపిల్లాడిలా పెంచేరండీ అని అందరూ నాన్నగారిని మెచ్చుకునేవారు. నేనూ పొంగిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. బస్సులో సీటుకి తువ్వాలు వేసినట్టు వేశారు నన్ను. సీటు మనిషి ఇప్పుడు వచ్చాడు.

3 జనవరి 1998

పెళ్లి చీరలు కొనడానికి అమలాపురం రమ్మన్నారు. వెళ్లలేదు. ఐదు చెట్ల దగ్గర పని ఉంది.

తొంభయ్యారు తుఫానుకి తోటలో సగం చెట్లు కూలిపోయాయి. మామ్మ నాటిన ఐదూ మాత్రం నిలబడ్డాయి. మళ్లీ వేస్తే వాటి విత్తనమే వెయ్యాలని పట్టుబట్టాను. విత్తనపు కాయ ఏడాదిపాటు చెట్టునే ముదరాలి. ముదిరాక కింద పడెయ్యకుండా తాడు కట్టి దించాలి. అందుకని ప్రతి దింపుకీ చెట్ల కింద నిలబడి, ఆ ఐదూ ఎక్కొద్దని త్రిమూర్తులుతో చెబుతూనే ఉన్నాను. ఏప్రిల్ ఆఖరుకి తయారవుతాయి. కూలిన చెట్ల గోతులు వాటి కోసమే ఖాళీగా ఉంచాను.

21 ఫిబ్రవరి

పెళ్లయింది. నా చొక్కాలన్నీ అమ్మ పనిమనిషి పైడమ్మకి ఇచ్చేసింది.

9 మార్చి

ఆయన మంచివాడే. ఆ మాట నిజాయితీగా రాస్తున్నాను. గొంతు పెంచరు. తెలీనిది తెలీదంటారు. చెడ్డవాడైతే నాకు తేలిగ్గా ఉండేది.

నేనూ తోటలోకి వస్తానన్నాను. ఆయనేం అనలేదు. అమ్మే అడ్డుపడింది. కొత్త పెళ్లికూతురు పనివాళ్ల మధ్య నిలబడితే అల్లుడుగారికి చేతకాదనుకుంటారే అంది. ఆగిపోయాను. ఐదు చెట్ల సంగతి ఆయనకి చెప్పాలి. చెప్పకపోయినా త్రిమూర్తులుకి తెలుసు కదా.

18 మార్చి, 11 గం.

దింపు. నాన్నగారు డాక్టరు దగ్గరికని నిన్న వెళ్లి అక్కయ్య ఇంట్లో ఉండిపోయారు. నేను వంటింటి కిటికీ దగ్గర ఉన్నాను.

త్రిమూర్తులు ఐదు చెట్ల దగ్గర ఆగాడు. ఇవి ఎక్కకూడదండీ, బాబ్జీగారు వద్దన్నారండీ అన్నాడు. అలవాటులో వచ్చేసింది పాపం. బాబ్జీ ఎవరని ఆయన అడిగారు. త్రిమూర్తులు నాలిక్కరుచుకుని తల దించుకున్నాడు. పక్కన ఇద్దరు ముసిముసిగా నవ్వారు. ఆయనకి పౌరుషం వచ్చినట్టుంది. ఈ తోటలో నాకు తెలీని బాబ్జీ ఎవరూ లేరు, ఎక్కు అన్నారు.

ముప్పై అడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క కేక చాలు. తోట చివరి దాకా వినిపించే కేక నాది, ఊరందరికీ తెలుసు. అది రాలేదు. పనివాళ్ల ముందు మొగుడి మాటకి అడ్డం వస్తే ఆయన పరువేం కావాలి అనిపించింది. ఈ ఆలోచన నాకెవరు నేర్పారు? నాన్నగారు నేర్పలేదు. అమ్మ కూర్చోబెట్టి చెప్పిందీ లేదు. ఎప్పుడు ఎక్కిందో ఎక్కేసింది.

గెలలు దబదబా పడ్డాయి.

అదే రోజు, 3 గం.

భోజనాల దగ్గర అడిగారు. ఈ బాబ్జీ ఎవరు, మీ పెదనాన్నగారి అబ్బాయా, తోటలో వాటా ఏమన్నా ఉందా అని. అమ్మ నా వైపు చూసింది.

తెలీదండీ అన్నాను.

నేనే అన్నాను, తెలీదండీ అని.

బయట ఒలుపు మొదలైంది. కింద పడ్డ కాయ ఒకటో రెండో మొలవచ్చు, ఒలిచిన కాయ ఇక మొలవదు. ఇంకా సగం కాయ రాశిలోనే ఉంది. ఇప్పుడు లేచి వెళ్లినా కొంతైనా దక్కుతుంది. నేను డైరీ రాస్తున్నాను.

19 మార్చి

నాన్నగారు వచ్చారు. తల పైకెత్తి ఐదు చెట్లూ చూశారు. ఒరేయ్ బాబ్జీ, ఎక్కడ చచ్చేవురా అని పెరట్లోంచి అరిచారు. మూడు నెలల తరవాత నన్ను ఆ పేరుతో పిలిచారు. మా ఆయన అరుగు మీంచి లేచి వీధి వైపు చూశారు, ఎవడో మగమనిషి వస్తాడని. వంటింట్లోంచి పిండిచేతుల్తో నేను వచ్చాను.

ఆయన మొహం చూడలేకపోయాను.

చూస్తూ ఊరుకున్నావుట్రా అన్నారు నాన్నగారు. నేనూ అరిచాను. లోపలికి పంపింది మీరు కాదా అని. పుట్టి బుద్ధెరిగాక నాన్నగారి మీద అరవడం ఇదే. పంపితే మాత్రం కళ్లు కూడా మూసేసుకున్నావా అన్నారు. అదీ నిజమే. అందుకే ఏడుపొచ్చింది.

మా ఆయన ఒక్కటే అడిగారు. నిన్న తెలీదన్నావు కదా అని.

7 జూలై

ఇప్పుడొక సిస్టమ్ కుదిరింది. పొద్దున్న కాఫీతో పాటు నేను చెబుతాను, ఏ వరస దింపాలి, ఏ చెట్టుకి పురుగు పట్టింది. ఆయన వెళ్లి అదే చెబుతారు. అల్లుడుగారికి తోట భలే పట్టుబడిందండీ అంటున్నారంతా. ఆయన ఇబ్బందిగా నవ్వుతారు. నువ్వే వచ్చి చెప్పొచ్చుగా అని రెండుసార్లు అన్నారు. కడుపుతో ఉన్నావు, నాలుగో నెల, గడప దాటడానికి వీల్లేదు అంది అమ్మ. నేనూ దాటలేదు. గోతుల్లో వాననీళ్లు నిలిచాయి. మొక్కల్లేవు.

2 అక్టోబర్

మనవడు పుడితే బాబ్జీ అని పిలుచుకుంటారట నాన్నగారు. అసలు బాబ్జీ వస్తున్నాడు అని త్రిమూర్తులుతో చెబుతున్నారు. అయితే ఇన్నాళ్లూ నేనెవర్ని?

అమ్మ నా జడ అల్లుతూ అంది. నీకు గుండు చేయించినప్పుడల్లా ఏడ్చేదాన్నే, జడ వెయ్యాలని ఎంత ముచ్చటగా ఉండేదో అని. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ మీద కోపం సగానికి సగం తగ్గిపోయింది. తగ్గడం నాకిష్టం లేదు.

12 డిసెంబర్

ఆడపిల్ల.

22 డిసెంబర్

నాన్నగారు పాపని ఎత్తుకుని, పర్లేదురా, దీన్నే బాబ్జీని చేద్దాం అన్నారు. ప్రేమగానే అన్నారు. అమ్మ వెంటనే అందుకుంది. వాడపల్లి మొక్కు మళ్లీ మొక్కుకుంటే ఈసారైనా తమ్ముడు పుడతాడు అని.

గుండు చెయ్యనివ్వను అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు, బాలింత మాట కదా. సాయంత్రం మా ఆయన్ని పిలిచి చెప్పాను, పంచాయతీ ఆఫీసులో సౌజన్య అని రాయించండి, రేపే, అని. వాళ్లని ఎదిరించలేను అంటారేమోనని భయపడ్డాను. ఆయ్ అన్నారు. రాయించారు కూడా.

21 మార్చి 1999

దింపు. పాపని ఉయ్యాల్లో వేసి గడప దాటాను. ఎక్కకూడదని గుర్తుగా ఐదు చెట్ల మొదళ్లకీ నేనే సున్నం పూశాను. సున్నం బకెట్ ఆయన పట్టుకున్నారు. త్రిమూర్తులు వాటి జోలికి వెళ్లలేదు.

ఇంట్లో నాన్నగారు ఉయ్యాల ఊపుతూ, బాబ్జీ, ఒరేయ్ బాబ్జీ అని పాపని పిలుస్తున్నారు.

తోటలోంచి నేను పలికాను.