ఏడో శనివారం కప్‌కేక్

శనివారం, రాత్రి

రేపు తిందామని కుక్కర్‌లో చాక్లెట్ కప్‌కేకులు చేశాను. ఫోన్‌లో చూసి నేర్చుకున్నదే. అడుగున ఉప్పు పోసి, విజిల్ తీసేసి, అచ్చులు లేక స్టీలు గిన్నెల్లో పిండి పోశాను. బాగానే పొంగాయి. స్నానం చేసి వచ్చేసరికి అమ్మ ఒకటి దేవుడి పటం ముందు పెట్టి, దాంతోనే ఒక్కపొద్దు విడుస్తోంది.

"మస్తుగుంది బిడ్డా! ఏమేసినవ్ రా, గింత మెత్తగైంది?"

వేసింది రెండు గుడ్లు. "పెరుగమ్మా" అన్నాను.

నా ఉద్యోగం పర్మినెంట్ కావాలని ఏడు శనివారాలు ఉపవాసం ఉంటానని మొక్కింది. ఇవాళ ఏడోది. నిజం చెబితే "గట్లైతే మళ్ల మొదటి సంది ఉంటా" అంటుంది. నాకు తెలుసు.

మూడేళ్లుగా రేపు మాపు అని తిప్పుతున్నది కాంట్రాక్టర్, పస్తులుండేది మా అమ్మా? సూపర్‌వైజర్ మొహం మీదే ఉన్నమాట చెప్పి తిట్లు తినేవాణ్ని, ఇంట్లో అబద్ధమాడాను. దేవుడికి కోపమొస్తే నా మీద చూపించుకోమను. ఇంకో ఏడు వారాలు ఆమెను ఆకలితో ఉంచను.

గుడ్డు పెంకులు ఇంకా చెత్తబుట్టలోనే ఉన్నాయి. పొద్దున అమ్మ లేవకముందే బయట పారేసి రావాలి.