అంచున కరివేపాకు

గోపాలపట్నం

చిరంజీవి సాయిశంకర్‌ని నాన్న దీవించి రాసేది. ఇక్కడ నేనూ, మీ చెల్లి రాణీ కులాసా. వరహాలు మళ్ళీ మీ ఓడ ఎక్కుతున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను.

చెల్లి ఎలా ఉందని అడిగావు. నవ్వుతోందిరా నాయనా! ఈ సంతోషం ఎవరితో చెప్పుకోను!

అమ్మకి కంచం పెడుతున్నావా అనీ అడిగావు. పెట్టకేం. అమ్మ పోయినప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఫోటో ముందు కంచం పెట్టి, కాసేపు అరుగు మీద కూర్చునేవాణ్ణి. కాకులకి వేద్దామని లోపలికెళితే ఖాళీ! కరివేపాకు మాత్రం అంచున వరసగా ఉండేది. అమ్మే వచ్చి తింటోందని మురిసిపోయి ఇంకా ఎక్కువ పెట్టాను.

ఒకనాడు ముందే వెళ్ళాను. కంచం ముందు రాణి ఏడుస్తూ తింటోంది.

"ఏటమ్మా ఇది?"

"ఆకలి కాదు నాన్నా. అమ్మ గుర్తొత్తే ఆగలేకపోతన్నాను. ఎంత తిన్నా సాలట్లేదు."

నీకు దాచొద్దని అదే రాయమంది. ఉద్యోగానికీ వెళ్ళడం మానేసిందిరా, ఒళ్ళొచ్చిందని నలుగురిలోకి రావడానికి సిగ్గుపడి. డైటీషియన్ దగ్గరకి తీసుకెళ్తానంటే పక్కింటి గురువమ్మ, "నోరు కట్టుకోమంటే సాలదేటి?" అంది. ఆ డైటీషియన్, రోజలిన్ మేడమ్ మాత్రం ఒక్క మాట తిట్టలేదు. "ఏదీ మానొద్దు. చాటుగా తినకు, నాన్న పక్కన కూర్చుని తిను. వేళ కాని వేళ తినాలనిపిస్తే ముందు అమ్మ గురించి ఓ మాట చెప్పుకో" అంది. ఇప్పుడు రాణి వచ్చి నా పక్కన కూర్చుంటుంది, అమ్మ కబుర్లు చెప్పుకుంటాం. ఒక్కోసారి ఆ తర్వాత తిండి మాటే ఎత్తదు. ఒక్కోసారి తింటుంది. తిననీ. మళ్ళీ ఉద్యోగానికి వెళ్తోందిరా!

ఒక సంగతి ఇందాకటి నుంచి రాయలేకపోతున్నాను. అమ్మలాగే కరివేపాకు ఏరేదానివా అని రాణిని అడిగాను. తెల్లబోయింది.

"నాను తియ్యలేదు నాన్నా. నాను కూసునేసరికే తీసీసి ఉండీది. నువ్వే అనుకున్నాను."

చిన్నప్పుడు దానికి ముద్దలు పెట్టే ముందు అమ్మ అలాగే ఏరేది, గుర్తుందా?

నిన్న భోజనం మధ్యలో రాణి మంచినీళ్ళకి లేచింది. తిరిగొచ్చి కంచం చూసుకుని నవ్వింది.

"నాకింకా సిన్నపిల్లకి తీసినట్టు తీత్తన్నావేటి నాన్నా?"

అంచున కరివేపాకు, వరసగా.

"ఆఁ, నానే" అన్నాను.

దాని కంచం నేను ముట్టుకోలేదురా. ఈ మాట దానితో అనకు. నాకు భయం వెయ్యలేదు. కాస్త పక్కకి జరిగి, మా ఇద్దరి మధ్యా చోటిచ్చాను.

ఇట్లు,
మీ ఇద్దరి నాన్న,
రమణమూర్తి