బోట్సెన్ లేని పటం

సుజాతా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. మన షాంటిలీ తెలుగు సంఘం వాళ్లు వేసవిలో ఆల్ప్స్ టూర్ వెళ్తున్నారు. స్కూల్లో జాగ్రఫీ చెప్పడానికి నువ్వు చేత్తో గీసుకున్న, ఉత్తర ఇటలీలోని దక్షిణ టిరోల్ పటాన్ని టూర్ కరపత్రంలో వేస్తానని, ఆ కరపత్రం తయారుచేస్తున్న శ్రీను అడిగితే ఇచ్చాను. కింద నీ జ్ఞాపకార్థం అని నీ పేరు పెడతానన్నాడు.

ఉదయం అతని లాప్‌టాప్‌లో చూశాను. ప్రతి ఊరికీ నువ్వు రెండు పేర్లు రాశావు, ఇటాలియన్‌దీ జర్మన్‌దీ. జర్మన్ పేర్లన్నీ పోయాయి. బోల్జానో ఉంది, బోట్సెన్ లేదు.

"ఇటలీల ఉన్న ఊరికి ఇటలీ పేరు చాలదా అన్నా? రెండేసి ఉంటే కన్ఫ్యూజ్ అవుతరని డిలీట్ చేసిన."

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆ లోయలు ఆస్ట్రియా నుంచి ఇటలీకి పోయాయని, ఫాసిస్టులు సమాధిరాళ్ల మీద కూడా జర్మన్ రాయనివ్వలేదని నువ్వు చెప్తుంటే మన ఇంట్లో భోంచేస్తూ విన్నవాడే. రాష్ట్రం విడిపోయినప్పుడు తన ఊరిని అడక్కుండా ఆంధ్రాలో కలిపేశారని ఇప్పటికీ తిడుతుంటాడు.

ఆ పేర్లు మళ్లీ పెట్టమన్నాను.

"ఇయ్యాలనే ప్రింట్‌కి పోవాలె అన్నా, టైం లేదు. వదిన పేరైతే పెద్దగనే వేసిన కద."

"పేర్లు తీసెయ్యడం నీకు బాగా వచ్చుగా. ఆమెదీ తీసెయ్."

నీ పేరు పోయేదాకా పక్కనే నిలబడ్డాను.